ఐఆర్ఏ నుంచి నేరుగా గుడికి

అమెరికాలో డెబ్బై దాటిన అమ్మానాన్నలు గానీ, అత్తమామలు గానీ ఉన్నవాళ్లకి ఒక మాట. గుడికో, ఫుడ్ బ్యాంకుకో వాళ్లు ఏటా ఇచ్చే డబ్బు బ్యాంకు ఖాతాలోంచి కాకుండా ఐఆర్ఏ (రిటైర్మెంట్ కోసం దాచుకునే సొంత ఖాతా) నుంచే నేరుగా పంపించండి. దీన్ని క్యూసీడీ (క్వాలిఫైడ్ చారిటబుల్ డిస్ట్రిబ్యూషన్) అంటారు. వయసు 70½ నిండాలి. 2025లో ఒక్కొక్కరికి ఏడాది పరిమితి 1,08,000 డాలర్లు ఉండేది (మనం అంతవరకు వెళ్లం లెండి!). ఆ సొమ్ము పన్ను వేసే ఆదాయంలో కలవదు, కానీ 73 ఏళ్ల నుంచి ఐఆర్ఏలోంచి ఏటా తప్పనిసరిగా తీయాల్సిన కనీస మొత్తంలో (ఆర్ఎండీ) లెక్కకొస్తుంది. ఆదాయం తక్కువ కనిపిస్తే మెడికేర్ (పెద్దవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) ప్రీమియం పెరగకుండా ఉండే అవకాశం కూడా ఉంది.

కిటుకంతా ఐఆర్ఏ నుంచి వచ్చే చెక్కులోనే ఉంది. చెక్కు మీద గుడి పేరే ఉండాలి. డబ్బు ముందు మన ఖాతాలో పడి, తర్వాత మనం ఇస్తే చెల్లదు. మా మామగారికైతే గుడి పేరున రాసిన చెక్కు ఇంటికే పోస్టులో వచ్చింది, ఆయన తీసుకెళ్లి కౌంటర్లో ఇచ్చి రసీదు తీసుకున్నారు. బదులుగా డిన్నర్ టికెట్ లాంటిదేమీ తీసుకోకూడదు.

ఊళ్లోని రామాలయానికి పంపాలంటే ఇది పనికిరాదు, అమెరికాలో అర్హత ఉన్న సంస్థే కావాలి. 401కే (ఉద్యోగం ద్వారా వచ్చే రిటైర్మెంట్ ఖాతా) నుంచి కూడా కుదరదు, ముందు ఐఆర్ఏకి మార్చుకోవాలి. డిసెంబరు చివరిదాకా ఆగకండి. ట్యాక్స్ చేసేవాళ్లకి క్యూసీడీ అని నోరు తెరిచి చెప్పండి, ఐఆర్ఏలోంచి తీసిన డబ్బు చూపించే 1099-ఆర్ ఫారంలో అది విడిగా కనిపించకపోవచ్చు.