ఉప్పు రోడ్ల పాత కారు: పట్టేసిన బ్రేక్ డిస్కును ఊడదీయడం

చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే డెట్రాయిట్, క్లీవ్‌లాండ్, బఫెలో లాంటి అమెరికా ఊళ్లలో పదిహేను చలికాలాలు చూసిన కారుకు బ్రేకులు మార్చేటప్పుడు ప్యాడ్లతో పెద్ద పనేమీ ఉండదు. రోజంతా తినేసేవి తుప్పుకు పట్టేసిన మూడు చోట్లు: డిస్కును హబ్‌కు (చక్రం బిగించే మధ్య భాగం) పట్టి ఉంచే చిన్న స్క్రూలు, క్యాలిపర్ (ప్యాడ్లతో డిస్కును నొక్కే భాగం) బ్రాకెట్ బోల్టులు, హబ్‌కు అతుక్కుపోయిన డిస్కు. ఇక్కడ చెప్పేది 2000ల నాటి హోండా సివిక్, అకార్డ్ ముందు చక్రాల గురించి. మిగతా జపాన్ కార్లకూ దాదాపు ఇదే వరస.

ఇనుము తుప్పుగా మారితే రెండింతలకు పైగా ఉబ్బుతుంది. బోల్టు మరల మధ్య ఉబ్బడానికి చోటుండదు, అందుకే బిగుసుకుపోతుంది. రోడ్డు మీద చల్లే ద్రావణంలో కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ ఉంటే మరీ కష్టం. అవి గాలిలోని తేమను పీల్చుకుంటూ ఎప్పుడూ తడిగానే ఉంటాయి. ఆ పట్టును బలంతోనే విడిపించాలని చూస్తే బోల్టు తెగుతుంది. ముందు తుప్పు పగలాలి, అందులోకి నూనె దిగాలి, ఆ తర్వాతే పానా.

కాబట్టి పని ముందు రోజు రాత్రే మొదలవ్వాలి. మరలు బయటికి కనిపించే చోట వైర్ బ్రష్‌తో పొట్టు రాల్చి, తుప్పులోకి ఇంకే నూనె, అంటే పీబీ బ్లాస్టర్ లేదా క్రోయిల్ కొట్టండి. ఇంట్లో తలుపు బందులకు వాడే మామూలు డబ్ల్యూడీ-40 ఈ పనికి చాలదు. పొద్దున ఒకసారి, మొదలుపెట్టే అరగంట ముందు ఇంకోసారి కొట్టండి. కొట్టిన ప్రతిసారీ బోల్టు తల మీద సుత్తితో పది పదిహేను దెబ్బలు వేయాలి. ఆ అదురుకే తుప్పులో సన్నటి పగుళ్లు వచ్చి నూనె లోపలికి దిగుతుంది. అసిటోన్, ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ (ఏటీఎఫ్) సగం సగం కలిపి వాడేవాళ్లూ ఉన్నారు. బాగానే పనిచేస్తుంది కానీ ఇట్టే అంటుకుంటుంది. మంట పెట్టే గ్యాస్ టార్చ్ వాడాల్సిన చోట దాని జోలికి పోవద్దు.

జాకీ ఎత్తే ముందు స్క్రూడ్రైవర్‌తో కారు కింది అంచు మడతను పొడిచి చూడండి. పెళ్లలు రాలితే అక్కడ స్టాండ్ పెట్టకూడదు, గట్టిగా ఉన్న సబ్‌ఫ్రేమ్ (కారు కింది చట్రం) కింద పెట్టాలి. చక్రం నట్లు కారు నేల మీద ఉన్నప్పుడే వదులు చేసుకోండి.

బ్రాకెట్ బోల్టులు చాలా హోండాల్లో 17 ఎంఎం. ఆరు మూలల సాకెట్ తప్పనిసరి, పన్నెండు మూలలది తుప్పుకు అరిగిన తల మీద జారి దాన్ని గుండ్రం చేసేస్తుంది. అర అంగుళం డ్రైవ్, రెండడుగుల బ్రేకర్ బార్ (సాకెట్‌ను తిప్పే పొడవాటి పిడి) వాడండి. ఈ బోల్టులు వెనకనుంచి లోపలికి వెళ్తాయి కాబట్టి ఎటు తిప్పాలో బోల్టు తల వైపునుంచి చూసి నిర్ణయించండి. చాలామంది ఇక్కడే బిగించేవైపు లాగి బోల్టు తెంపుకుంటారు. ముందు వెంట్రుకవాసి బిగించి, తర్వాత వదులు చేయండి. టక్కుమని వదిలితే పని అయినట్టే. అలా కాకుండా మెత్తగా సాగుతున్నట్టు చేతికి తెలిస్తే వెంటనే ఆపేయండి, బోల్టు మెలితిరుగుతోంది. కాస్త తిరిగి కీచుమంటుంటే మళ్లీ లోపలికి తిప్పి, నూనె వేసి, బయటికి తీయండి. అలా ముందుకీ వెనక్కీ ఓపిగ్గా తిప్పాలి.

అప్పటికీ కదలకపోతే మ్యాప్-ప్రో గ్యాస్ టార్చ్ తీయండి. కొట్టిన నూనెను తుడిచేసి, బోల్టు తలను వదిలి, మరలు పట్టుకున్న నకిల్ (హబ్‌ను మోసే లోహపు దిమ్మ) భాగాన్ని రెండు మూడు నిమిషాలు వేడి చేయాలి. చుట్టూ ఉన్నది వ్యాకోచిస్తేనే పట్టు వదులుతుంది. బ్రేక్ హోస్ (బ్రేక్ ద్రవం గొట్టం), ఏబీఎస్ వైరు, బాల్ జాయింట్ రబ్బరు మంటకు దూరంగా ఉండాలి. నకిల్ అల్యూమినియందైతే ఎర్రబడే దాకా వేడి చేయకండి, అది ఎర్రబడకుండానే కరిగిపోతుంది. ఒక్క మాట గట్టిగా చెప్పాలి: క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట పెట్టకండి. దాని నుంచి ఫాస్జీన్ అనే ప్రాణాంతక వాయువు పుడుతుంది.

క్యాలిపర్‌ను తీగతో పైకి కట్టేయండి, హోస్ మీద వేలాడకూడదు. ఇక స్క్రూలు. వీటి తలలో ఉన్నది జపాన్ ప్రమాణమైన జేఐఎస్ ప్లస్ గాడి, మామూలు ఫిలిప్స్ బిట్ అందులోంచి పైకి లేచి గాడిని తినేస్తుంది. సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్‌కు 3వ నంబరు జేఐఎస్ బిట్ పెట్టి, ఎడమకు మెలిపెట్టి పట్టుకుని కిలో సుత్తితో నిటారుగా కొట్టండి. గాడి పోయిందంటే కంగారు వద్దు. 8 ఎంఎం డ్రిల్‌తో తల తొలిచేస్తే డిస్కు వచ్చేస్తుంది, మిగిలిన మొనను లాకింగ్ ప్లయర్‌తో తిప్పేయొచ్చు. ఈ స్క్రూలు ఫ్యాక్టరీలో బిగింపు సౌకర్యానికి పెట్టినవి. డిస్కును నిజంగా పట్టి ఉంచేవి చక్రం నట్లు.

డిస్కు ముఖం మీద మరలున్న రెండు ఖాళీ రంధ్రాలు కనిపిస్తాయి. అవి పట్టేసిన డిస్కును ఊడదీయడానికే. 8 ఎంఎం బోల్టులు, మర 1.25 ఎంఎంవి, రెండు తెచ్చుకుని, మరలకు కాస్త గ్రీజు రాసి, ఒక్కోదాన్ని సగం చుట్టు చొప్పున మార్చి మార్చి బిగించండి. అవి హబ్‌ను తన్ని డిస్కును బయటికి నెడతాయి. బాగా బిగిశాక బలవంతపెట్టకుండా, స్టడ్‌ల (చక్రం నట్లు ఎక్కే బోల్టులు) మధ్య డిస్కు మీద సుత్తి వేయండి. ఒకేవైపు బిగిస్తే మరలు చెడతాయి. వెనక డిస్కు లోపల హ్యాండ్‌బ్రేక్ షూలున్న మోడల్ అయితే ముందు రబ్బరు మూత తీసి అడ్జస్టర్ చక్రాన్ని వదులు చేయాలి, లేకుంటే ఎంత కొట్టినా రాదు.

బ్రాకెట్ బోల్టు నకిల్‌లోనే తెగితే చేతి ఎక్స్‌ట్రాక్టర్‌తో సాహసం చేయొద్దు. అది లోపల విరిగిందంటే మామూలు డ్రిల్ దిగదు. తెగిన మొన మీద నట్టు పెట్టి వెల్డ్ చేసే మనిషి దగ్గరికి వెళ్లడమే చవక. వెల్డింగ్ వేడి కూడా పట్టును వదిలిస్తుంది.

కొత్త డిస్కు పెట్టే ముందు హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో లోహం మెరిసేదాకా రుద్దండి. అక్కడ తుప్పు పొర మిగిలితే డిస్కు వంకరగా కూర్చుని, కొన్నాళ్లకు బ్రేక్ నొక్కినప్పుడల్లా పెడల్ కొట్టుకుంటుంది. హబ్ మధ్య అంచుకు యాంటీ-సీజ్ (మళ్లీ పట్టేయకుండా రాసే పేస్టు) పలచగా రాయండి, చక్రం స్టడ్‌లకు మాత్రం వద్దు. హోండా చెప్పే 108 న్యూటన్ మీటర్ల బిగింపు పొడి మరలకు లెక్కవేసింది, జిడ్డు మీద అంతే బిగిస్తే స్టడ్ సాగుతుంది. క్యాలిపర్ జారే గైడ్ పిన్నులకు సిలికాన్ గ్రీజు వాడండి. కారు కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. ఓ వంద కిలోమీటర్లు తిరిగాక నట్లను టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి.