ఇంకు పెన్ను మూత విప్పాక వచ్చే చిక్కులు: సమస్య - కారణం - పరిష్కారం

క్లిప్పు మార్చాలన్నా, పైన ప్లాస్టిక్ బొడిపె తీసి ఇత్తడిది పెట్టాలన్నా ముందు మూతను భాగాలుగా విప్పాలి. మూతలో ఉండేవి నాలుగే: పైన బొడిపె, దాని కింద రింగుతో క్లిప్పు, లోపల పాళీని కప్పే లోమూత, అంచున పట్టీ. వీటిని పట్టి ఉంచింది స్క్రూ మర చుట్లో, లక్కో, జిగురో, వట్టి బిగువో తేల్చుకోకుండా కటింగ్ ప్లయర్ పట్టుకుంటే గాట్లే మిగులుతాయి.

సమస్య: బొడిపె తిరగడం లేదు

మొదట మూతలోకి టార్చి వేసి చూడండి. అడుగున స్క్రూ గాడి కనిపిస్తే పైనుంచి తిప్పి లాభం లేదు. ఆ గాడిలో సరిపడే పొడవాటి స్క్రూడ్రైవర్‌తో లోపలి నుంచే విప్పాలి.

గాడి లేకపోతే ఎక్కువగా కారణం మరల్లో ఎండిన ఇంకు. మూతను గది వేడిలో ఉన్న నీళ్ళలో నాలుగైదు గంటలు ఉంచండి. బోరు నీళ్ళు వద్దు, తెల్ల చారలు పడతాయి. ఎబొనైట్ (గట్టి రబ్బరు) అయితే అరగంట చాలు. వేడినీళ్ళు తగిలితే నల్లటిది గోధుమ రంగుకు తిరుగుతుంది. తర్వాత పంక్చర్ షాపులో అడిగి తెచ్చిన పాత ట్యూబు ముక్కలు రెండు తీసుకుని, ఒకటి బొడిపెకూ ఒకటి మూతకూ చుట్టి ఎడమవైపు తిప్పండి. పిడికిలితో పిండేస్తే గుండ్రటి మూత కోడిగుడ్డు ఆకారానికి వచ్చి మర ఇంకా బిగుస్తుంది. వేళ్ళతోనే పట్టుకోవాలి.

అప్పటికీ రాకపోతే లక్క వేసి ఉండవచ్చు. హెయిర్ డ్రయ్యర్‌ను జానెడు దూరంలో పట్టి, మూతను తిప్పుతూ అర నిమిషం వేడి చేసి ప్రయత్నించండి. అంతకు ముందు బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్, అంటుకుని మండుతుంది, దాని దగ్గరికి వేడి తేవద్దు. మూడుసార్లు చేసినా కదలకపోతే జిగురో బిగువో అయి ఉంటుంది, వదిలేయడం మేలు.

సమస్య: బిగించాక క్లిప్పు గిరగిరా తిరుగుతోంది

కొత్త క్లిప్పు రింగు పాతదానికంటే పలచన. పాత ఎక్స్‌రే ఫిల్ము నుంచి రింగు సైజు వాషరు కత్తిరించి కింద పెట్టండి. బొడిపెను ఇంకా బిగించడం దీనికి మందు కాదు, మూత తల చీలుతుంది.

సమస్య: కొత్త బొడిపె సగంలో ఆగుతోంది

మర దంతాల దూరం వేరు, లేదా అడ్డంగా ఎక్కింది. మొదట వెనక్కి తిప్పండి, చిన్నగా టక్కుమన్నాక ముందుకు తిప్పండి. అయినా ఆగితే మర వేరే. పాత బొడిపెను నమూనాగా ఇస్తే విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పనివాళ్ళు ఇత్తడిలో అదే కొలతకు తీయగలరు. మూత కూడా చేతికివ్వండి, సరిపోయిందో లేదో అక్కడే తేలుతుంది.

సమస్య: రాత్రి పెట్టిన పెన్ను పొద్దున రాయడం లేదు

విప్పి బిగించిన మూతలకు వచ్చే పెద్ద జబ్బు ఇదే, మే నెల ఎండల్లో మరీను. బొడిపె వైపు నీళ్ళలో ముంచి, మూత నోటి దగ్గర మెల్లగా ఊదండి. బుడగలు వస్తే మర దగ్గర గాలి పోతోంది. మరకు సిలికోన్ గ్రీజు ఆవగింజంత రాస్తే చాలు. గ్రీజు లేదని వాజలైన్ రాయవద్దు, అది రబ్బరు రింగులను ఉబ్బిస్తుంది. బుడగలు రాకపోతే లోమూత పూర్తిగా కూర్చోలేదు. మొద్దు చెక్కపుల్లతో నిటారుగా నొక్కండి. పై భాగంలో కంపెనీ పెట్టిన రంధ్రం ఉంటే మాత్రం మూయకండి. పిల్లలు మూత మింగితే ఊపిరి ఆడడానికని పెట్టినది అది. అలాంటి మూతల్లో ఇంకు ఎండకుండా చూసే పని లోమూతదే.

సమస్య: క్లిప్పు మీది బంగారు పూత పోయింది

అమ్మోనియా కలిసిన బ్రాసో లాంటి పాలిష్‌తో రుద్దినందువల్ల. పూత పలచన కాబట్టి కింద ఇత్తడి తేలుతుంది. మచిలీపట్నం పక్క చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగలకు పేరు. అక్కడి పూత పనివాళ్ళను అడగవచ్చు. క్లిప్పు ఇత్తడిదా ఉక్కుదా ముందే చెప్పండి. స్టెయిన్‌లెస్ ఉక్కు మీద ముందు నికెల్ పొర వేయకపోతే బంగారం నిలవదు.

సమస్య: ప్లాస్టిక్ మీద తెల్లటి మసక

ఫెవిక్విక్ లాంటి జిగురు ఆవిరి. అదే అక్రిలిక్‌ను స్పిరిట్‌తో తుడిస్తే సన్నటి జుట్టు పగుళ్ళు వస్తాయి. 2000 నంబరు వాటర్ పేపర్‌ను నీళ్ళలో తడిపి తేలిగ్గా రుద్ది, ప్లాస్టిక్ పాలిష్ పెట్టండి. పగులు పడితే మాత్రం పోదు.