వోలోఫ్ నేర్చుకోవాలంటే పలకరింపులతో మొదలుపెట్టండి

పశ్చిమ ఆఫ్రికా దేశం సెనెగల్‌లో అధికార భాష ఫ్రెంచ్, అదొక్కటి వస్తే చాలు కదా అని చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆఫీసు పనికి సరిపోతుందేమో కానీ రాజధాని డాకర్ సంతలో, బస్సుల్లో, ఇళ్లలో వినిపించేది వోలోఫ్ భాషే, పక్కనున్న గాంబియాలోనూ బాగా నడుస్తుంది. నేను విజయవాడ నుంచే నేర్చుకుంటున్నా, గుంటూరు దగ్గర ఇంజనీరింగ్ చదివే ఒక గాంబియా కుర్రాడు ఆదివారాలు వచ్చి చెప్తాడు.

గ్రామర్ తర్వాత, ముందు పలకరింపులు. ‘నంగ దెఫ్’ అంటే ఎలా ఉన్నావు. దానికి ‘మాంగి ఫి రెక్క్’ అనాలి, అంటే ఇక్కడే ఉన్నానంతే అని. మన పెద్దవాళ్లు ‘ఆ, ఏదో ఇలా ఉన్నాం’ అంటారే, అలాగన్నమాట. తర్వాత ‘నాకా వా కర్ గా’ అని ఇంట్లోవాళ్ల క్షేమం అడగాలి, ‘ఞుంగ ఫా’, అక్కడే ఉన్నారు అని జవాబొస్తుంది. మొదటి ఆదివారం ఇవేవీ లేకుండా నేరుగా డౌట్ అడిగేశాను. ఆ అబ్బాయి పుస్తకం మూసి, ‘ముందు మా అమ్మ ఎలా ఉందో అడగండి అన్నా’ అన్నాడు. ఆ మాట మర్చిపోలేను.

నోట్సు తెలుగు లిపిలోనే రాసుకోండి, ఇది గట్టిగా చెప్తున్నా. ‘ఖర్’ అంటే గొర్రె, ‘ఖార్’ అంటే ఆగడం. ‘గమ్’ అంటే నమ్మడం, ‘గమ్మ్’ అంటే కళ్లు మూసుకోవడం. పలు, పాలు, గడి, గడ్డి తేడా పుట్టినప్పటి నుంచి వింటున్న చెవికి ఇది కష్టమే కాదు. పలక మీద దిద్ది వదిలేసిన ‘ఞ’ కూడా ఇక్కడ రోజూ పనికొస్తుంది. ఒక్క ‘ఖ’ మాత్రం గొంతు లోపల గీరినట్టు పలకాలి.

క్రియ మారదు, చుట్టూ ఉన్నవే మారతాయి: ‘లెక్క్ నా’ తిన్నాను, ‘మాంగి లెక్క్’ తింటున్నాను, ‘దినా లెక్క్’ తింటాను.

అంకెలు ఐదు దగ్గర మళ్లీ మొదలవుతాయి. జురోమ్ ఐదు, బెన్న్ ఒకటి, కాబట్టి ఆరు ‘జురోమ్ బెన్న్’. సెనెగల్ సంతలో మాత్రం జాగ్రత్త, డబ్బుని ఐదేసి ఫ్రాంకుల లెక్కన చెప్తారు, ‘ఞార్ ఫుక్క్’ అంటే ఇరవై, కానీ మీరివ్వాల్సింది 100 ఫ్రాంకులు.

ఇంటికి భోజనానికి పిలిస్తే చేపల అన్నం, ‘చేబు జన్’, 2021లో యునెస్కో జాబితాకెక్కింది ఇదే. అందరికీ ఒకే పెద్ద పళ్లెం, కుడిచేత్తో మీ ముందున్న భాగమే తినాలి, చేప ముక్కలు ఇంటివాళ్లే మీవైపు జరుపుతారు. కడుపు నిండితే ‘సూర్ నా’ అనండి. ఒక్కసారంటే ఎవరూ వినరు, ‘లెక్కల్, లెక్కల్’, తినండి తినండి అంటూనే ఉంటారు.