బటన్ నొక్కినా కదలని ఎక్సెల్: పర్లాకిమిడి వైపు చిన్న వ్యాపారులకు ఆఫీసు ప్లాను సమస్యలు - పరిష్కారాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మన తెలుగు వ్యాపారుల కంప్యూటర్లలో మూడు భాషలు ఉంటాయి. పలాస జీడిపప్పు వ్యాపారికి ఉత్తరం తెలుగులో, జిల్లా కార్యాలయానికి దరఖాస్తు ఒడియాలో, జీఎస్టీ లెక్క ఇంగ్లీషులో. వర్డ్, ఎక్సెల్, మెయిలు వంటివాటిని చందా కట్టి వాడుకునే ఆఫీసు ప్లాను అమ్మేవారు మాత్రం "ఎంతమంది?" అని ఒక్కటే అడుగుతారు. కొన్ని దుకాణాల లెక్కలు చూసే పనిలో నేను సరిదిద్దవలసి వచ్చినవన్నీ ఆ ప్రశ్నతో కొన్న ప్లాన్లే. ఎవరు ఏ పని చేస్తారన్నది ముందు తేల్చుకోవాలి.

సమస్య: ఎక్సెల్ ఫైలు తెరుచుకుంటుంది, బటన్ నొక్కితే లెక్క కదలదు

ఒక జీడిపిక్కల వ్యాపారి దగ్గర బస్తాల తూకం, తేమకు తగ్గింపు, కూలీ అన్నీ కలిపి లెక్కగట్టే ఫైలు ఏళ్ల తరబడి మాక్రోల (బటన్ నొక్కితే లెక్క దానంతటదే చేసే చిన్న ప్రోగ్రాములు) మీదే నడిచింది. చవక ప్లానుకు మారిన మర్నాడు గుమాస్తా కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చోవలసి వచ్చింది. కొనుగోళ్లు ముమ్మరంగా సాగే రోజులవి. తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

కారణం: మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ బేసిక్ వంటి ప్లాన్లలో వర్డ్, ఎక్సెల్ బ్రౌజర్‌లోనూ ఫోనులోనూ మాత్రమే పనిచేస్తాయి. బ్రౌజర్‌లోని ఎక్సెల్, వీబీఏ అనే ఎక్సెల్ సొంత ప్రోగ్రాము భాషలో రాసిన ఈ మాక్రోలను నడపదు.

పరిష్కారం: అందరికీ పెద్ద ప్లాను కొనకండి. ఒకే ఖాతాలో రెండు రకాల ప్లాన్లు కలిపి పెట్టుకోవచ్చు. లెక్కలు రాసే ఒక్కరికి, ఎక్సెల్‌ను కంప్యూటర్‌లోనే దించుకోనిచ్చే బిజినెస్ స్టాండర్డ్ తీసుకుని, మిగిలినవారిని బేసిక్‌లో ఉంచండి. గూగుల్ అమ్మే ఇలాంటి ప్లాను, గూగుల్ వర్క్‌స్పేస్ వైపు వెళ్లేవారు మరో సంగతి గమనించాలి. ఈ మాక్రోలు గూగుల్ షీట్స్‌లో నడవవు, యాప్స్ స్క్రిప్ట్ అనే గూగుల్ పద్ధతిలో మళ్లీ రాయించుకోవాలి.

సమస్య: వాన పడి నెట్ పోతే బిల్లు తయారుకాదు

కారణం పైనదే, బ్రౌజర్ మీద ఆధారపడటం. కంప్యూటర్‌లో దించుకున్న ఆఫీసు నెట్ లేకపోయినా పనిచేస్తుంది. నెలకు ఒక్కసారైనా నెట్‌కు కలపాలి, లేకపోతే ఫైళ్లు చూడటానికి, ముద్రించడానికి తప్ప మార్చడానికి వీలుండదు. గూగుల్ డాక్స్‌లోనూ ఆఫ్‌లైన్ సదుపాయం ఉంది, కాకపోతే నెట్ ఉన్నప్పుడే క్రోమ్‌లో దాన్ని సిద్ధం చేసుకోవాలి. ఉత్తరాలు, చిన్న పట్టికలు తప్ప మరేమీ అవసరం లేని కౌంటరు కంప్యూటర్‌కు లిబ్రేఆఫీసు అనే సాఫ్ట్‌వేరు చాలు. అది వ్యాపారానికి కూడా ఉచితమే.

సమస్య: ఒడియా ఉత్తరం తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు

ఇక్కడ డబ్బు అనవసరంగా పోతుంది. చిన్న ప్లాను కాబట్టే ఇలా వస్తోందనుకుని పెద్దది కొంటారు, అక్షరాలు మాత్రం అలాగే ఉంటాయి. తప్పు ప్లానుది కాదు. పాత ఒడియా పత్రాలు చాలావరకు ఆకృతి ఫాంట్లలో, తెలుగువి అను ఫాంట్లలో ఉంటాయి. ఇవి యూనికోడ్‌కు (ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే పద్ధతి) ముందు తరం పద్ధతివి. ఫైలు లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, ఫాంటు వాటికి ఒడియా రూపం తొడుగుతుంది. ఆ ఫాంటు లేని చోట తొడుగు ఊడిపోతుంది. పాతవాటిని ఫాంటు ఉన్న కంప్యూటర్‌లోనే తెరిచి పీడీఎఫ్‌గా మార్చి పంపండి. కొత్తవి యూనికోడ్‌లోనే టైపు చేయండి. విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ ఫాంటులో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి.

సమస్య: ఉద్యోగి మానేశాడు, ఖాతాదారుల ఉత్తరాలు అతనితోనే పోయాయి

సొంత మెయిలుతో దుకాణం పని చేయిస్తే జరిగేది ఇదే. ఆరుగురు పంచుకునే ఫ్యామిలీ ప్లాను చవకగా కనిపిస్తుంది గానీ, అది ఇంటి వాడకానికి ఇచ్చేది, అందులో ఎవరి ఖాతా వారిదే. దుకాణం పేరుతో డొమైన్ (మెయిలు చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు) కొని, బిజినెస్ ప్లాను మెయిలు పెట్టుకోండి. ఆర్డర్లకు ఒకటి, లెక్కలకు ఒకటి అంటూ ప్రతి చిరునామాకు విడిగా డబ్బు కట్టనక్కర్లేదు. మైక్రోసాఫ్ట్‌లో షేర్డ్ మెయిల్‌బాక్సుకు (పలువురు కలిసి చూసే మెయిలు పెట్టె) 50 జీబీ వరకు వేరే లైసెన్సు అడగరు.

సమస్య: చెప్పిన ధర ఒకటి, బిల్లు ఒకటి

తేడా 18 శాతం జీఎస్టీ. కొనేటప్పుడే 21తో మొదలయ్యే మీ ఒడిశా జీఎస్టీ నంబరు ఇస్తే ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకుని, తిరిగి తీసుకోవచ్చు. మహేంద్రతనయ నది దాటి ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం డీలరు దగ్గర కొన్నారా? బిల్లులో ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలపై జీఎస్టీ) పడుతుంది, అదీ క్రెడిట్‌కు పనికొస్తుంది. అమ్మకాల మొత్తం మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పథకంలో ఉన్నవారికి మాత్రం ఈ వెసులుబాటు లేదు, పన్నుతో కలిపిన ధరనే అసలు ధరగా చూసుకోవాలి.

సమస్య: ఏడాది తిరిగేసరికి ప్లాను ఆగిపోయింది

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కార్డు మీద దానంతటదే జరిగే చెల్లింపు 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. ఆ సందేశం చూడకపోతే చెల్లింపు ఆగుతుంది. ఏడాది మొత్తం ఒకేసారి కట్టేవారు యజమాని చూసే ఫోను నంబరునే కార్డుకు జతచేయాలి.

కొనేముందు ఉచిత గడువును పూర్తిగా వాడుకోండి. గూగుల్ 14 రోజులు ఇస్తుంది. మీ దగ్గరున్న అన్నిటికన్నా బరువైన ఎక్సెల్ ఫైలును, అన్నిటికన్నా పాత ఒడియా ఉత్తరాన్ని ముందు అందులో తెరవండి. తర్వాత నెట్ ఆపి, ఒక బిల్లు తయారుచేసి చూడండి.