కుక్కకి థైరాయిడ్ మాత్రలు ఎలా వేయాలి? మన లెక్క దానికి సరిపోదు

పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా ఉంటారు. అలాంటి ఇంట్లో లాబ్రడార్‌కి కూడా థైరాయిడ్ తక్కువని తేలితే, ఆ పద్ధతే దీనికీ సరిపోతుందనుకుంటారు. మందు ఒకటే, లెవోథైరాక్సిన్. వాడే తీరు మాత్రం వేరు.

1. ముందు జబ్బు ఖాయం చేసుకోండి. లావెక్కిన ప్రతి కుక్కకీ థైరాయిడ్ ఉండదు, చాలాసార్లు అది బిస్కెట్ల మహిమే. దురద లేకుండా రెండు పక్కలా బొచ్చు ఊడటం, తోక ఎలుక తోకలా సన్నబడటం, ఎప్పుడూ మగతగా పడుకోవడం చూడండి. మనకైతే టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పని చేయించే హార్మోను) టెస్టుతో చాలావరకు తేలిపోతుంది. కుక్కల్లో జబ్బు ఉన్నా టీఎస్‌హెచ్ నార్మల్‌గా రావచ్చు, అందుకే టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోను), ఫ్రీ టీ4 (అందులో రక్తంలో విడిగా తిరిగే భాగం) కూడా చూస్తారు. స్టెరాయిడ్లు, ఫిట్స్ మందులు టీ4ని తగ్గిస్తాయి. అవి వాడుతుంటే డాక్టర్‌కి ముందే చెప్పండి.

2. డోసు చూసి కంగారు పడకండి. గ్రంథి పూర్తిగా పనిచేయని 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 100 మైక్రోగ్రాములు చాలు. కుక్కకి సాధారణంగా కిలోకి 20 చొప్పున, అదీ రోజుకి రెండుసార్లు మొదలుపెడతారు. 30 కిలోల లాబ్‌కి పూటకి 600 అన్నమాట. చీటీలో 0.6 మిల్లీగ్రాములని ఉన్నా అదే లెక్క, అంటే వంద మైక్రోగ్రాముల మాత్రలు ఆరు. మెడికల్ షాపాయన చీటీని రెండుసార్లు తిప్పి చూస్తాడు. ఆయన మాట మీద తగ్గించకండి, వెట్‌కి ఫోన్ చేయండి. కుక్క పేగుల్లో ఈ మందు సరిగా ఇంకదు. పైగా మన రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు వారం పట్టేది, దాని ఒంట్లో 9 నుంచి 15 గంటల్లోనే తగ్గిపోతుంది. గుండె జబ్బుంటే మాత్రం తక్కువతో మొదలుపెడతారు.

3. వేసే పద్ధతి రోజూ ఒకేలా ఉండాలి. మనం మాత్ర వేసుకుని అరగంట నుంచి గంట దాకా కాఫీ, టిఫిన్ ముట్టం. కాల్షియం, ఐరన్ మాత్రలైతే నాలుగు గంటలు ఆగాలి. కుక్కకీ తిండితో ఇస్తే మందు కాస్త తక్కువే ఒంటబడుతుంది. అయినా చపాతీ ముక్కలో పెట్టి ఇవ్వడం మొదలుపెడితే రోజూ అలాగే ఇవ్వండి, దాన్ని బట్టి డోసు సర్దుతారు. చపాతీ మింగి, మాత్రని సోఫా వెనక ఉమ్మేసే ఘనులుంటారు. గొంతు దిగేదాకా చూడండి.

4. రక్తం ఇచ్చే టైమ్ ముఖ్యం. మనకి ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ చూస్తారు. కుక్కకి నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య, మాత్ర వేసిన 4–6 గంటలకి రక్తం తీస్తారు. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో పదకొండుకి చూపించాలంటే ఆరింటికే మాత్ర పడాలి.

5. డోసు ఎక్కువైతే కుక్క రొప్పుతుంది, కుదురుగా ఉండదు, నీళ్లు తెగ తాగుతుంది. మే నెలలో మన ఊళ్లో ప్రతి కుక్కా రొప్పేదే కాబట్టి రాత్రి చల్లబడ్డాక గమనించండి.

ఇద్దరి డబ్బాలూ వేరుగా పెట్టండి. కుక్క పూట డోసు పొరపాటున మనిషి మింగితే వెంటనే డాక్టర్‌ని అడగాలి.

హుషారు రెండు వారాల్లోనే కనిపించవచ్చు, బొచ్చుకి మాత్రం నెలలు పడుతుంది. మొదట్లో పాత బొచ్చు ఇంకా ఊడినా మాత్రలు ఆపకండి.