పప్పు లెక్క – మూడో పాఠం: అన్నానికి పప్పు ఎంత?

రెండో పాఠంతో వేలి చివర నెత్తురు చుక్క తీయడం, షుగర్ మీటరు చదవడం వచ్చేశాయి. ఇక పని కంచంలో. గ్రాముల్లో చూపే వంటింటి తూకం ఒకటి, 25 స్ట్రిప్పుల డబ్బా ఒకటి, నోటుపుస్తకం ఒకటి ఉంటే చాలు. మూడు వారాలు పడుతుంది. తొందరపడితే లెక్క తప్పుతుంది.

ముందు మందుల సంగతి. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి షుగర్ మాత్రలు వేసుకునేవారు, ఇన్సులిన్ తీసుకునేవారు డాక్టరుకు చెప్పకుండా అన్నం తగ్గించకూడదు. మీ మోతాదు పాత అన్నానికి సరిపడా రాసింది. అన్నం తగ్గి మందు తగ్గకపోతే షుగర్ 70 కిందికి జారిపోవచ్చు. చెమట, వణుకు, కంగారు మొదలైతే వెంటనే 15 గ్రాముల గ్లూకోజు పొడి నీళ్ళలో కలుపుకుని తాగాలి. వోగ్లిబోస్, అకార్బోస్ వాడేవారికి అప్పుడు పంచదార అంత త్వరగా పనిచేయదు. పేగులో పంచదార విరగకుండా అడ్డుపడటమే ఆ మందుల పని కాబట్టి గ్లూకోజు పొడే దగ్గర ఉంచుకోవాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఈ పాఠం చదవండి గానీ చేయకండి. మీకు పప్పు ఎంతో డాక్టరే చెప్పాలి.

పప్పు ఉంది, కొలతే లేదు

బెజవాడలోనైనా గుంటూరులోనైనా పప్పు లేని పూట అరుదు. దోసకాయ పప్పు, గోంగూర పప్పు, మామిడికాయల రోజుల్లో మామిడికాయ పప్పు, ఏదీ కుదరకపోతే ముద్దపప్పు, ఆవకాయ. అయినా భోజనం చేసిన గంటకు షుగర్ ఎందుకు ఎగురుతోంది? పొయ్యి దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. నలుగురికి అర కేజీకి కాస్త తక్కువ బియ్యం ఎసట్లో పోసి, గుప్పెడు కందిపప్పు కుక్కర్‌లో పడేస్తాం. తూచి చూడండి: బియ్యం 480 గ్రాములు, పప్పు 60. అంటే మనిషికి బియ్యం 120, పప్పు 15. పప్పుచారు పెట్టిన రోజైతే మనిషికి పప్పు 10 గ్రాములు కూడా పడదు. అది రుచికి వేసిన పప్పు, తిన్నట్టు లెక్క కాదు.

ఈ పాఠంలో చేసే మార్పు ఒక్కటే: బియ్యం 90, పప్పు 45. మొత్తం తూకం అదే 135 గ్రాములు. పప్పు పెంచి అన్నం అలాగే ఉంచితే మీరు చేసింది అదనపు భోజనం. పప్పు వచ్చి అన్నం చోటు తీసుకోవాలి. కీలకం అక్కడే ఉంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు, ప్రోటీన్ 8, పీచు 3 లోపు. కందిపప్పులో పిండిపదార్థం 55, ప్రోటీన్ 22, పీచు 9. లెక్క వేయండి. పాత కంచంలో పిండిపదార్థం 102 గ్రాములు, కొత్త కంచంలో 95. తగ్గింది ఏడు గ్రాములే! ప్రోటీన్ 13 నుంచి 17కు, పీచు 5 లోపు నుంచి 6.5 దాటి పెరిగాయి. ఈ ఏడు గ్రాముల తేడాకే మీటరు ముల్లు కదులుతుందా అని అనుమానం రావాలి. కదిలేది పిండి తగ్గినందుకు మాత్రమే కాదు, అది అరిగే వేగం మారినందుకు.

గింజ లోపల

ఉడికిన శనగ ఒకటి తీసుకుని బొటనవేలు, చూపుడువేలు మధ్య నలపండి. పేస్టులా సాగదు, సన్నటి బరకగా విడిపోతుంది. ఆ బరకలో ఒక్కో రేణువు దాదాపు ఒక కణం. వేడికి కణాల మధ్య జిగురు కరిగి అవి ఒకదాన్నొకటి వదిలేశాయి గానీ, గోడలు మాత్రం పగల్లేదు. పిండి ఆ గోడల లోపల ఉంది. మన పేగులోని రసాలకు పీచుతో కట్టిన ఆ గోడను విరిచే శక్తి లేదు కాబట్టి లోపలి పిండి మెల్లగా, కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. అన్నం మెతుకుకు అంత గట్టి గోడ లేదు. నలిపితే జిగురుగా అంటుకుంటుంది.

దీనికి తోడు పప్పుల్లో అమైలోజ్ అనే రకం పిండి ఎక్కువ, అది నిదానంగా అరుగుతుంది. ప్రోటీన్ ఇన్సులిన్‌ను కాస్త ముందుగా లేపుతుంది. పేగు కిందిభాగం దాకా చేరిన పిండి, పీచు అక్కడి బ్యాక్టీరియాకు మేత అవుతాయి. కడుపు ఉబ్బరం వచ్చేదీ అక్కడే, మేలు జరిగేదీ అక్కడే.

టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్ బృందం 1981లో ఆహారాలను ఈ వేగం ప్రకారం కొలిచే పద్ధతి తెచ్చింది. దాన్నే గ్లైసీమిక్ సూచిక అంటున్నాం. గ్లూకోజు 100 అనుకుంటే శనగలు, మైసూరు పప్పు 30 దరిదాపుల్లో ఉంటాయి. తెల్లన్నం రకాన్ని బట్టి 60 నుంచి 80 దాకా పోతుంది. మరుసటి ఏడు అదే బృందం ఇంకో సంగతి చూపింది: పొద్దున పప్పు జాతి గింజలు తిన్నవారికి, నాలుగు గంటల తర్వాత చేసిన మధ్యాహ్న భోజనానికి కూడా షుగర్ తక్కువగా లేచింది. ఈ మాట గుర్తుంచుకోండి, పరీక్షలో దీనితో చిక్కు వస్తుంది.

మరి పప్పుగుత్తితో మెత్తగా ఎనిపితే పాడవుతుందా? పెద్దగా కాదు. ఉడికాక ఎనిపితే కణాలు విడిపోతాయే తప్ప పగిలేవి తక్కువ. పచ్చి గింజను మరలో పిండి పట్టించి తర్వాత వండితే గోడలు ముందే పగిలిపోతాయి. అందుకే శనగపిండి బజ్జీని శనగల తాలింపు లెక్కలో వేయకూడదు, నూనె సంగతి వదిలేసినా సరే. ఉలవచారు విషయంలో మనది విచిత్రమైన పద్ధతి: గంటలకొద్దీ మరిగించి నీళ్ళు మనం తాగి, పీచంతా ఉన్న ఉలవలు పశువులకు పెట్టడం. ఆ గింజల్లో నాలుగు గరిటెలు మీకోసం ఆపుకుని తాలింపు పెట్టుకోండి.

వండటం

మొదటి వారం పరీక్ష లేదు, అలవాటే. పప్పు 15 నుంచి ఒక్కసారిగా 45కు ఎక్కితే కడుపు ఉబ్బి, మూడో రోజుకే మానేస్తారు. ఆ వారం బియ్యం 105, పప్పు 30. రెండో వారం నుంచి 90, 45. తూకం లేనిచోట, తలకొట్టిన పెద్ద చెంచా కందిపప్పు 12, 13 గ్రాములు ఉంటుంది. మూడున్నర చెంచాలు వేస్తే 45 అయినట్టే.

పప్పు అరగంట నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మూడింతలు నీళ్ళు పోసి మూడు విజిళ్ళు రానివ్వండి. శనగలు, అలసందలు, ఉలవలైతే రాత్రంతా నానాలి. గ్యాస్ తెచ్చే చక్కెరలు కొంత ఆ నీళ్ళలోకి దిగుతాయి కాబట్టి ఆ నీళ్ళతోనే వండకండి. చింతపండు, గోంగూర, మామిడికాయ ముందే వేస్తే పులుపుకు పప్పు బిర్రబిగుసుకుంటుంది, ఉడికాకే వేయాలి. బోరు నీళ్ళతో ఎన్ని విజిళ్ళు వచ్చినా పప్పు పలుకుగా ఉంటే తప్పు పప్పుది కాదు, నీళ్ళలోని కాల్షియానిది. తాగే నీళ్ళతో వండి చూడండి.

ఇంటిల్లిపాదికీ ఒకే గిన్నెలో వండితే మీ వాటా తెలిసేదెలా? ఖాళీ గిన్నెను ముందే తూచి రాసిపెట్టుకోండి. అన్నం వండాక గిన్నెతో సహా తూచి, గిన్నె బరువు తీసేయండి. 480 గ్రాముల బియ్యం 1,344 గ్రాముల అన్నం అయితే 2.8 రెట్లు అయినట్టు. అప్పుడు 90 గ్రాముల బియ్యం వాటా 252 గ్రాముల అన్నం. మీ బియ్యానికి ఈ అంకె వేరేగా రావచ్చు, ఒకసారి కట్టుకుంటే మళ్ళీ అక్కర్లేదు. పప్పుకు ఇంత గొడవ లేదు: నలుగురికి 180 వేసి ఉడికిన దాంట్లో నాలుగో వంతు మీది, అందులో ఎంత దోసకాయ ఉన్నా సరే.

అన్నం అంతా ఒకేసారి కంచంలో పెట్టుకోండి. ఇది చాదస్తం కాదు. మన భోజనం పప్పన్నంతో మొదలై, కూర, చారు దాటి పెరుగన్నంతో ముగుస్తుంది. ప్రతి మలుపులోనూ ఒక హస్తం అన్నం అడక్కుండానే పడుతుంది. పెరుగులోకని కొంచెం పక్కన పెట్టుకోండి, అదీ ఆ 252లోంచే.

ఆరు భోజనాల పరీక్ష

రోజు విడిచి రోజు, ఆరు మధ్యాహ్నాలు. ఒకటి పాత కంచం, మరొకటి కొత్త కంచం, అలా మార్చి మార్చి మూడేసి. ప్రతిసారీ నాలుగు చుక్కలు: మొదటి ముద్దకు ముందు, గంటకు, రెండు గంటలకు, మూడు గంటలకు. గడియారం మొదటి ముద్ద నుంచి లెక్క, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు. 24 స్ట్రిప్పులు అయ్యాయి, పాడైతే వాడుకోవడానికి ఒకటి మిగిలింది.

కూర, నెయ్యి, పెరుగు, భోజన వేళ, తిన్నాక నడక ఆరు రోజులూ ఒకేలా ఉండాలి. ముందు రాత్రి భోజనం, ఆ పొద్దుటి టిఫిను కూడా ఒకేలా ఉండాలి. ఒక రోజు పొద్దున పెసరట్టు, ఇంకో రోజు ఇడ్లీ తింటే, మధ్యాహ్నం మీటరులో కనిపించేది పొద్దుటి పెసల ప్రభావం కావచ్చు. పైన గుర్తుంచుకోమన్న చిక్కు ఇదే.

వేలు సబ్బుతో కడిగి పూర్తిగా తుడవండి. మామిడిపండు కోసిన చేత్తో చుక్క తీస్తే మీటరు పండు షుగర్ కూడా చదువుతుంది. వేలిని పిండకండి. ఎండాకాలంలో బెజవాడ 40 డిగ్రీలు దాటాక స్ట్రిప్పుల డబ్బా స్కూటర్ డిక్కీలో పెట్టి తిరిగితే ఆ స్ట్రిప్పులు పనికిరావు. సాధారణంగా వాటిని 30 డిగ్రీల లోపు ఉంచాలి, మీ డబ్బా మీద రాసింది చూడండి.

ఇప్పుడు చదవడం. ఉదాహరణకు ఇలా వచ్చాయనుకుందాం (అంకెలు కేవలం నేర్చుకోవడానికి):

పాత కంచం: 118, 204, 176, 139
కొత్త కంచం: 121, 178, 172, 150

రెండు గంటల గడి మాత్రమే చూస్తే 176, 172. పప్పు వల్ల ఏమీ కాలేదంటారు. మూడో గంట చూస్తే కొత్త కంచానికే ఎక్కువ ఉంది, పప్పే చెరుపు చేసిందంటారు. గంట గడి చూడండి: పాత కంచం 86 ఎక్కింది, కొత్తది 57. పప్పు చేసే పని శిఖరాన్ని తగ్గించి, దిగుడును సాగదీయడం. భోజనం తర్వాత రెండు గంటలకు ఒక్కసారే చూపించుకునే అలవాటు ఉన్నవారికి ఈ మార్పు కనిపించకపోవడానికి కారణం ఇదే. మధుమేహం ఉన్న చాలామందికి భోజనం మొదలెట్టిన ఒకటి, రెండు గంటల మధ్య 180 లోపు ఉండటం లక్ష్యం.

ఒక్క రోజు అంకెతో తీర్పు చెప్పకండి. మంచి మీటరుకు కూడా 15 శాతం అటూ ఇటూ పోయే వీలుంది. అసలు 200 ఉంటే 170 చూపించవచ్చు, 230 కూడా చూపించవచ్చు. అందుకే మూడేసి రోజులు, వాటి సగటు.

సగటులోనూ తేడా రాలేదా? ఎక్కువగా జరిగేది పప్పు పలచన కావడం, లేదా పెరుగన్నం లెక్కలోకి రాకపోవడం. ముద్దపప్పులో ఆవకాయ, నెయ్యి కలిస్తే ఇంకో హస్తం అన్నం అడుగుతుంది నోరు. కందిపొడి కూడా అంతే: చెంచా పొడిలో ఉన్న పప్పు కొద్ది, దాని మీద లాగించే అన్నం బోలెడు.

ఆకలి గడి

షుగర్ పక్కనే ఇంకో గడి గీయండి. భోజనానికి ముందు, తిన్న వెంటనే, మూడు గంటలకు, అయిదు గంటలకు ఆకలి ఎంతో సున్నా నుంచి పది దాకా అంకె వేయండి. పది అంటే ఎదురుగా ఏముంటే అది తినేసే ఆకలి. సాయంత్రం పునుగుల బండి వైపు కాళ్ళు లాగాయా లేదా అన్నది కూడా ఒక మాట రాయండి, అంకె కంటే అది నిజం చెబుతుంది.

ఇక్కడ ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. పప్పుల మీద పరిశోధనలను 2014లో కలిపి చూస్తే, తిన్నాక కడుపు నిండిన భావన 31 శాతం ఎక్కువని తేలింది. కానీ తర్వాతి పూట తిన్న తిండి చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. 2016లో 21 పరిశోధనలు కలిపి చూస్తే, రోజుకు 130 గ్రాముల దాకా ఉడికిన పప్పులు తిన్నవారు ఆరు వారాల్లో తగ్గిన బరువు సగటున 340 గ్రాములే. పప్పు ఆకలిని ఆపుతుంది, చెయ్యిని ఆపదు.

మధ్యాహ్నం 45 గ్రాములు తిన్నాక ఆ రోజుకు ఇంకా చోటుంది. 2,000 కేలరీల శాకాహార భోజనానికి జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించిన పప్పులు 85 గ్రాములు. మిగిలిన 40 పొద్దుటి టిఫినులోకి.

అందుకని నాలుగో పాఠానికి ముందు రాత్రి పొట్టు పెసలు 40 గ్రాములు నానబెట్టి ఉంచండి. ఇడ్లీ పక్కన పెసరట్టు పెట్టి ఇదే కొలత తీస్తాం. లోపల ఉప్మా లేకుండా.