ఒకే మెయిల్ రెండుసార్లు వెళ్తోందా? ముందు టైమర్ చూడండి

మా డాట్‌నెట్ (మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ ప్లాట్‌ఫామ్) వెబ్ సర్వీసులో 30 సెకన్లకోసారి పెండింగ్ బిల్లులు మెయిల్ చేసే పని ఒకటి ఉండేది. కొన్ని నెలలు ఏ గొడవా లేదు. ఒక నెల ఒకటో తారీఖున కస్టమర్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి, ఒకే బిల్లు రెండేసి వచ్చిందని. డబ్బు సంగతి కదా, అందరికీ టెన్షన్.

సమస్య: రద్దీ ఉన్నప్పుడు మాత్రమే పని రెండుసార్లు జరుగుతోంది.

లాగ్‌లో 10:00:00కి "మొదలు", 10:00:30కి మళ్లీ "మొదలు". మొదటిదాని "పూర్తి" 10:00:41కి గానీ లేదు.

కారణం: ఆ పనిని నడిపే సిస్టమ్.థ్రెడింగ్.టైమర్‌కు పాత పని అయిందా లేదా అన్నది పట్టదు. టైమ్ కాగానే థ్రెడ్ పూల్‌లోంచి (పనులు నడిపే థ్రెడ్ల గుంపులోంచి) ఇంకో థ్రెడ్ మీద మళ్లీ మొదలుపెడుతుంది. రెండూ అవే పెండింగ్ రికార్డులు చదివాయి. సిస్టమ్.టైమర్స్.టైమర్‌దీ ఇదే తీరు.

పరిష్కారం: చాలామంది లాక్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి వదిలే తాళం) పెట్టేస్తారు. వద్దు, పని ఆలస్యమయ్యే కొద్దీ థ్రెడ్లు లాక్ దగ్గర క్యూ కడతాయి. డాట్‌నెట్ 6తో 2021లో వచ్చిన పీరియాడిక్‌టైమర్ వాడండి. బ్యాక్‌గ్రౌండ్‌సర్వీస్‌లో (వెనకాల నడిచే పనుల కోసం డాట్‌నెట్ ఇచ్చే క్లాస్) వైల్ లూప్ పెట్టి, ప్రతి చుట్టులో తర్వాతి టిక్ (టైమర్ మోగే క్షణం) కోసం అవెయిట్ చేయాలి. చేతిలో పని అయ్యాకే లూప్ ముందుకు కదులుతుంది. ఈలోపు మూడు టిక్‌లు దాటిపోయినా ఒక్కటిగానే లెక్క. పని అయ్యాక 30 సెకన్ల విరామం చాలనుకుంటే టాస్క్.డిలే సరిపోతుంది.

సమస్య: టైమర్ చడీచప్పుడు లేకుండా ఆగిపోయింది.

డీబగ్‌లో నడిచి రిలీజ్ బిల్డ్‌లో ఆగితే, థ్రెడింగ్ టైమర్‌ను లోకల్ వేరియబుల్‌లో పెట్టారేమో చూడండి. వాడకంలో లేని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ దాన్ని ఎత్తుకుపోతుంది. క్లాస్ ఫీల్డ్‌లో ఉంచండి. రాత్రిపూట ఆగితే ఐఐఎస్ (విండోస్ వెబ్ సర్వర్) సెట్టింగ్ చూడండి: 20 నిమిషాలు రిక్వెస్టులు రాకపోతే అప్లికేషన్ పూల్‌లో మన సర్వీసును నడిపే వర్కర్ ప్రాసెస్‌ను ఆపేయడం దాని డిఫాల్ట్. ఐడిల్ టైమౌట్ 0 చేసి, స్టార్ట్ మోడ్‌ను ఆల్వేస్‌రన్నింగ్‌కు మార్చండి.

టైమర్ తిరుగుతున్నా పని జరగట్లేదంటే ఎర్రర్ దాగి ఉంటుంది. సిస్టమ్.టైమర్స్.టైమర్ తన ఈవెంట్‌లో వచ్చిన ఎక్సెప్షన్లను (ఎర్రర్లను) మింగేస్తుంది. బ్యాక్‌గ్రౌండ్‌సర్వీస్ దీనికి పూర్తిగా ఎదురు: పట్టుకోని ఎక్సెప్షన్ ఒక్కటి వస్తే, డాట్‌నెట్ 6 నుంచి మొత్తం అప్లికేషనే ఆగిపోతుంది. అందుకే ఎర్రర్లను పట్టుకునే ట్రై-క్యాచ్ లూప్ లోపల, పని చుట్టూ ఉండాలి.

సమస్య: పీరియాడిక్‌టైమర్ పెట్టినా రెండేసి మెయిల్స్.

సర్వీస్ రెండు సర్వర్ల మీద నడుస్తోందా? అయితే టైమర్లూ రెండు. మెయిల్ పంపే ముందు "స్టేటస్ ఇంకా పెండింగ్‌గా ఉంటేనే ప్రాసెసింగ్‌కు మార్చు" అని ఒకే అప్‌డేట్ క్వెరీ రాయండి. ఒక రికార్డు మారిందని జవాబొచ్చిన సర్వరే పంపాలి. సున్నా వస్తే ఆ బిల్లును వదిలేయాలి.